వంతు

శ్రీకాకుళం జిల్లాలోని మా పాతపట్నంలో మేడ మెట్ల దగ్గర తరచు వినబడే ప్రశ్న ఒకటుంది: "ఇయ్యాల మోటారు ఒంతు ఎవుల్ది?" ఇక్కడ ఫ్లాట్లంటే ఎక్కువగా రెండు మూడంతస్తుల మేడలు, అంతస్తుకు రెండేసి వాటాలు. కింద ఒక బోరు, పైన ఒక ట్యాంకు, అందరికీ ఒకటే మెట్లదారి. పొద్దున్నే మోటారు వెయ్యాలి, ట్యాంకు పొంగకముందే కట్టెయ్యాలి. మెట్లు ఊడవాలి, వాకిట్లో కళ్ళాపి చల్లాలి, మెట్ల లైటు కరెంటు బిల్లు కట్టాలి. అందరి పనులు కాబట్టి ఎవరూ పట్టించుకోకుండా మిగిలిపోయే పనులివి. ఆ పనికి ఫలానా రోజున ఫలానా ఇంటిని చూపించే మాట వంతు. జనం నోట్లో అది ఒంతు.

మాట చిన్నది, మోసే బరువు పెద్దది. "ఆస్తిలో నాలుగో వంతు" అంటే కొలత. "తరవాత వంతు నీది" అంటే కాలం. "నా వంతు నేను చేశాను" అంటే బాధ్యత. "మనిషికి ఏభై రూపాయల వంతున" అన్నప్పుడు ఎవరికీ ఎక్కువ తక్కువ లేదన్న హామీ. తమిళులు భాగానికి 'పంగు' అంటారు, ఒకరి తరవాత ఒకరికి వచ్చే పర్యాయానికి 'ముఱై' అంటారు. పాతపట్నం నుంచి సరిహద్దు దాటి పర్లాకిమిడి బజారులోకి వెళితే ఒడియాలో భాగం 'భాగ', పర్యాయం 'పాళి'. రెండు భావాలు, రెండు మాటలు. మనవాళ్ళు రెంటినీ ఒక్క ఒంతులో ఇమిడ్చారు. కన్నడంలోనూ వంతు ఉంది. దాని పక్కనే ఉన్న 'వంతిగె' అంటే చందా. అక్కడ ఆ మాట డబ్బు వైపు ఒరిగింది. మన దగ్గర ఇంకా మనిషి వైపే ఉంది.

"పని మూడొంతులు అయింది" అంటాం. అంటే నాలుగింట మూడు. నాలుగు అన్న అంకెను ఎవరూ పలకరు. మూడొంతులు అనగానే మిగిలిన ఒక్క వంతు చెప్పకుండానే తెలుస్తుంది. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. వంతు లెక్కలో మొత్తం ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది, చెయ్యని భాగం కూడా లెక్కలోకి వస్తుంది. ధ్వని దగ్గరగా ఉంది కదా అని వంతెననూ, బుర్రకథలో వంత పాడేవారినీ తెచ్చి దీనికి చుట్టరికం కలపడం మాత్రం సరికాదు. చెవికి ఇంపుగా ఉండే వ్యుత్పత్తులు చాలావరకు చెవి దగ్గరే ఆగిపోతాయి.

పంపకానికి తెలుగులో మాటల కరువు లేదు. భాగం సంస్కృతం నుంచి వచ్చింది. మన భాగానికి వచ్చిందే భాగ్యం. పాలు అచ్చతెలుగు మాట. తాతముత్తాతల ఆస్తిలో హక్కున్నవాళ్ళు పాలివాళ్ళు, సేద్యంలో చాకిరీ చేసేవాడు పాలికాపు. పాలు కొంటే పాల్గొనడం. ఈ క్రియను మనం రోజూ సభల్లో వాడతాం గానీ దాని లోపలికి చూడం. ఒక పనిలో పాల్గొన్నానని చెప్పినవాడు అందులో భాగం తన చేతుల్లోకి తీసుకున్నానని చెబుతున్నాడు. కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి ఆ మాట చాలదు.

కాలం వైపు నుంచి వచ్చిన బంధువు వారం. సంస్కృతంలో 'వార' శబ్దానికి పర్యాయం, వంతు అన్న అర్థం ఉంది. ఆదివారం సూర్యుడి వంతు, సోమవారం చంద్రుడి వంతు. ఏడు గ్రహాలు రోజును వంతులు వేసుకుంటే వచ్చిన లెక్క అది. ఈ పాత అర్థం తెలుగులో ఎంత ప్రాణంతో ఉందో తెలియాలంటే వారాలబ్బాయిని తలచుకోవాలి. బీద విద్యార్థి ఏడిళ్ళు మాట్లాడుకుని, ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోంచేసి చదువుకునేవాడు. దాన్ని 'వారాలు చేసుకోవడం' అన్నారు. ఒక పిల్లవాడి చదువు ఒక వీధికి ఉమ్మడి బరువైంది. ఏ ఇంటికీ అది మోయలేనంత కాలేదు, ఎందుకంటే ఏ ఇంటికైనా ఏడు రోజులకొకసారే వచ్చేది. ఉత్తరాదిన కాలవ నీళ్ళను పొలాలకు పర్యాయంగా వదిలే 'వారబందీ'లో ఉన్నదీ వంతు అన్న అర్థమే. మన పత్రికలు దాన్ని 'వంతులవారీ విధానం' అని రాస్తాయి.

ఇక వాటా. ఇది ఉత్తరం నుంచి వచ్చిన మాట. మరాఠీలో ఇదే రూపం, ఇదే అర్థం. కోస్తా ఊళ్ళలో ఇది ఒక వింత మలుపు తిరిగింది. భాగం అన్న మాట కాస్తా ఇల్లయి కూర్చుంది. "రెండు వాటాల ఇల్లు", "కింది వాటా ఖాళీగా ఉంది" అంటాం. ఒక పెద్ద ఇంట్లో భాగాన్ని అద్దెకు తీసుకున్న కుటుంబం వాటాలోనే బతుకుతుంది, వాటాలోనే పిల్లల్ని పెంచుతుంది. ఫ్లాట్లు రాకముందే ఫ్లాటు లాంటి బతుక్కి మనకు పేరుంది. తరవాత ఆ మాట రిజిస్ట్రేషను ఆఫీసుకు వెళ్ళింది. ఫ్లాటు కొన్నవారి దస్తావేజులో కింది స్థలానికి 'అవిభక్త వాటా' అని రాస్తారు. స్థలం మీద హక్కుంది, కానీ ఇదిగో ఈ మూల నాది అని గీత గీసి చూపించడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చి ఉమ్మడి స్థలాలు, సదుపాయాలు అంటే ఏమిటో నిర్వచించింది. 2016 నాటి కేంద్ర రియల్ ఎస్టేట్ చట్టం వాటిని బిల్డరు యజమానుల సంఘానికి అప్పగించాలని చెప్పింది. మెట్లు, డాబా, ట్యాంకు, మోటారు, గేటు అన్నింటిలో మనకు వాటా ఉందని కాగితం చెబుతుంది. మంగళవారం పొద్దున్న మెట్లు ఎవరు ఊడవాలో చెప్పదు. వాటాకి ముద్ర ఉంది. వంతుకి ముద్ర లేదు.

ఈ తేడా మా ప్రాంతానికి నీళ్ళ దగ్గర బాగా తెలుసు. వంశధార నీటిని ఆంధ్రప్రదేశ్, ఒడిశా సగం సగం పంచుకోవాలని 1962లో ఒప్పందం కుదిరింది. గొట్టా దగ్గర లభించే 115 టీఎంసీల్లో చెరి 57.5 టీఎంసీలు. తరవాత తగవు ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో తీర్పు వచ్చింది. ఇన్నేళ్ళ వార్తల్లో రాష్ట్రాలకు సంబంధించి మనం చదివినది 'నీటి వాటా' అనే. అదే నీరు గొట్టా బ్యారేజీ దాటి కాలవలో పడి, పిల్ల కాలవలో పడి, పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి రైతు నోట వంతు అవుతుంది. "రేతిరి మా ఒంతు" అని గొడుగూ టార్చిలైటూ పట్టుకుని వెళతాడు. ట్రిబ్యునల్ ముందు వాదించేది వాటా కోసం. చీకట్లో మడవ దగ్గర కాచుకునేది వంతు కోసం. వాటాదారు ఇంట్లో పడుకున్నా అతని వాటా ఎక్కడికీ పోదు. వంతుకి లేచి వెళ్ళకపోతే నీళ్ళు పక్క మడిలోకి పోతాయి.

చెరువుల పూడికతీత, కాలవల మరమ్మతు ఊరివాళ్ళు కలిసి చేసుకునే ఆచారాన్ని మద్రాసు రాజధానిలో కుడిమరామత్తు అనేవారు. కంపెనీ ప్రభుత్వం 1858లో ఒక చట్టం చేసి, ఆచారం ప్రకారం రావలసిన పనికి సరైన కారణం లేకుండా రానివాడు ఆ పని విలువకు రెట్టింపు కట్టాలని శాసించింది. ఊరిలో ఒకరినొకరు చూసి సాగించిన వంతు సర్కారు జరిమానా అయింది. అప్పుడు గంజాం జిల్లాలో ఉన్న ఈ ఊళ్ళకూ ఆ రాజధాని చట్టాలే. చాలాకాలం తరవాత 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగించే చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. సంఘాలకు అధ్యక్షులు వచ్చారు, ఎన్నికలు వచ్చాయి. ఊళ్ళలో ఆ పాత వంతు మాత్రం చాలాచోట్ల తిరిగి రాలేదు. చట్టం పదవిని పుట్టించగలదు. ఒకరి మీద ఒకరికి ఉండే ఆనవాయితీని పుట్టించడం దాని చేతిలో లేదు.

ఎలినార్ ఆస్ట్రం అనే అమెరికన్ పండితురాలు ఇలాంటి వ్యవస్థలనే జీవితకాలం చదివి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమె. ఉమ్మడి సొత్తు చివరికి నాశనమే అన్న వాదం 1968 నుంచి బాగా ప్రచారంలో ఉండేది. ఉమ్మడి సొత్తును ఎవరూ చూడరన్న బెంగ మన సామెతల్లోనూ వినబడుతుంది. ఆస్ట్రం స్పెయిన్‌లోని వలెన్సియా సాగు కాలవలను, ఫిలిప్పీన్స్‌లోని రైతు సంఘాలను, ఆల్ప్స్ పచ్చికబయళ్ళను పరిశీలించి, నియమాలు తామే చేసుకున్నచోట జనం శతాబ్దాలపాటు ఉమ్మడి సొత్తును కాపాడుకున్నారని 1990లో పుస్తకం రాశారు. వలెన్సియాలో రైతుల నీటి న్యాయస్థానం ఈనాటికీ గురువారం గురువారం పెద్ద చర్చి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఆమె గమనించినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఒకటుంది. నీళ్ళు వంతులవారీగా వచ్చేచోట ప్రత్యేకంగా కాపలా అక్కర్లేదు. ఇప్పుడు కట్టుకుంటున్నవాడు తన గడువు దాటకుండా తరవాతి వంతువాడే చూసుకుంటాడు. తన పొలం కోసం అతను అక్కడ ఎలాగూ ఉంటాడు. మోటారు స్విచ్చి దగ్గరా ఇదే జరుగుతుంది. పై వాటా వాళ్ళ వంతు రోజున ట్యాంకు పొంగితే, రేపు వంతు ఉన్న కింది వాటా అమ్మ మెట్లెక్కి వచ్చి చెబుతుంది. జీతమిచ్చి పెట్టుకున్న వాచ్‌మన్ చెప్పేదానికీ ఆవిడ చెప్పేదానికీ తేడా ఉంది. ఆవిడ నిన్న చేసింది, రేపు చేస్తుంది.

జర్మనీలో స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఫ్లాట్లలో 'కేర్‌వోఖె' అని ఒక ఆచారం ఉంది. ఆ మాటకు ఊడ్చే వారం అని అర్థం. ఈ వారం మెట్లు, వాకిలి శుభ్రం చేయవలసిన ఇంటి తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. వారం అయ్యాక ఆ పలక పక్కింటి తలుపుకు మారుతుంది. అక్కడా వారమూ వంతూ ఒకచోట కలిశాయి. ఇంట్లో ఉన్నది ఇంజనీరైనా, దర్జీ అయినా పలక వచ్చినప్పుడు చీపురు పట్టాల్సిందే.

చీపురు అనగానే మన దగ్గర మాట తడబడుతుంది. వంతు మీద నాకెంత మమకారం ఉన్నా దాని కింద ఎవరి చేతులున్నాయో చూడకుండా దాన్ని పొగడలేను. ఉమ్మడి కుటుంబంలో వంతులు వేసుకున్నది వంటింట్లో కోడళ్ళు, వరండాలో కొడుకులు కాదు. ముసలి తల్లిని నెలకొకరి చొప్పున కొడుకులు వంతులు వేసుకున్నప్పుడు అది బాధ్యత పంచుకోవడమా, బరువు దింపుకోవడమా అన్నది మూట పట్టుకుని ఇల్లు మారే ఆ తల్లికి తెలుసు. మేడల్లో మెట్ల వంతు అన్నప్పుడు మగవాళ్ళలో ఎంతమంది ఊడ్చారు? పైగా ఊడ్చే పనిని ఒక కులానికి కట్టిపెట్టిన సమాజం మనది. వంతు ఏర్పాటు కుదరని చోట చాలాసార్లు అసలు అడ్డంకి తీరిక కాదు, ఆ పని మనది కాదన్న లోపలి తలంపు. ఉమ్మడి వస్తువుల్లో ఎవరూ పేరెత్తనిది సెప్టిక్ ట్యాంకు. భూగర్భ డ్రైనేజీ లేని చిన్న ఊళ్ళలో మేడకొకటి ఉంటుంది. రక్షణ పరికరాలు లేకుండా అందులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అది నిండినప్పుడు యంత్రమున్న బండిని పిలిచి, దాని ఖర్చు అంతా కలిసి పంచుకోవడం ఆ మేడలో ప్రతి ఇంటి వంతు. తక్కువకు దొరికాడని ఒక మనిషిని దించితే ఆ నేరంలోనూ అందరికీ వాటా ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు వంతును తోసిరాజని కూర్చున్న మాట మెయింటెనెన్స్. "మెయింటెనెన్స్ కట్టారా?" అంటే నెల డబ్బు ఇచ్చారా అని. ఇంగ్లీషులోకి ఆ మాట ఫ్రెంచి దారిన వచ్చింది. దాని మూలమైన లాటిన్‌లో 'మను' అంటే చేతితో, 'తెనేరె' అంటే పట్టుకోవడం. చేత్తో పట్టి నిలపడం దాని తొలి అర్థం. మన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జారిపోయి డబ్బు మిగిలింది. కాగితాల తెలుగులో దీనికి 'నిర్వహణ' అంటారు. అందులో మోయడం ఉంది గానీ ఎవరు మోయాలో లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన పర్లాకిమిడి మా ఊరికి కూతవేటు దూరం. వాడుక తెలుగు కోసం ఆయన వాదించినది అక్కడ ఉంటూనే, సవరల భాష నేర్చుకుని వ్యాకరణం రాసిందీ అక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది, ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. జనం నోట్లో బతికున్న మాట ఉండగా దాన్ని పక్కనపెట్టి మరో మాటను అరువు తెచ్చుకోవడం ఎందుకని ఆయన అడిగిన ప్రశ్న ఈ ఒంతుకూ వర్తిస్తుంది. డబ్బు కట్టడం తప్పని నేననను. లిఫ్టు బాగుచేయడం, మోటారు వైండింగు చేయించడం మన చేతులతో అయ్యేవి కావు. కానీ డబ్బు కట్టగానే తన వంతు తీరిపోయిందనుకునే మనిషికి ట్యాంకు పొంగుతున్న చప్పుడు వినబడదు.

ఈ చర్చ మధ్యతరగతి అపార్ట్‌మెంట్లకే పరిమితం కాదు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్ళు మూడు పై అంతస్తుల బ్లాకులు. ఒక్కో ఇల్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో ఏదో ఒక కొలత. ఇన్నాళ్ళూ ఎవరి వాకిలి వారు ఊడ్చుకున్న కుటుంబాలు అక్కడ మొదటిసారి ఒకే మెట్లను పంచుకుంటాయి. వాళ్ళకు నెలనెలా చందా బరువే. వంతు మాత్రం చేతనైన పని, పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళలో అద్దెకు తెచ్చిన జనరేటరుతో ట్యాంకులు నింపుకున్నవాళ్ళు ఏ నియమావళీ చదవలేదు. ఎవరి వంతు ఎప్పుడో అప్పటికప్పుడు అనుకున్నారు.

సంఘం నియమాలు తెలుగులో రాసుకునేవారికి నా మనవి ఇది. స్థలం దగ్గర వాటా అని రాయండి, డబ్బు దగ్గర చందా అని రాయండి, పని దగ్గర వంతు అని రాయండి. మూడింటినీ మెయింటెనెన్స్ అన్న ఒక్క గడిలో కలిపెయ్యకండి. వంతు జాబితాలో ఇంటి నంబరుతో ఆగిపోకుండా ఆ ఇంట్లో మగవాళ్ళ పేర్లు కూడా చేర్చండి. ముసలివాళ్ళకూ, బాలింతలకూ, ఒంట్లో బాగాలేనివాళ్ళకూ వంతు మినహాయించండి. అలాగే మీ ఊళ్ళో ఈ మాటకు ఒంతు కాక వేరే రూపముంటే, మంద కాపలాకో, గుడి దీపానికో, చెరువు గట్టుకో దీన్ని మరోలా వాడుతుంటే, పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టండి.